బ్రేకు నేర్చినవాడిదే వేగం

(పింఛనుదారుల దినోత్సవం సందర్భంగా కాటారంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. పింఛను దయాదాక్షిణ్యం కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని తేల్చింది. ఏటా ఈ సభలో నేను డీఏ బకాయిల గురించో, హెల్త్ కార్డుల గురించో మాట్లాడేవాణ్ణి. ఈసారి కార్యదర్శిగారు "కొత్త విషయమేదైనా చెప్పండి, పిల్లలు కూడా వస్తున్నారు" అన్నారు. అందుకని రేసు ట్రాకు మీద ఖరీదైన కారును గట్టిగా నడపడం అనే విషయం ఎంచుకున్నాను. నవ్వకండి. 1973లో మంథనిలో గుమాస్తాగా చేరి, 2009లో సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయిన నాకు ఆయుష్షులో ఒక్క కారు కూడా లేదు. అయినా ఈ విషయం మన ఇళ్లకు ఎంత దగ్గరిదో చివరిదాకా వింటే మీకే తెలుస్తుంది.

ముందుగా జీ.టీ. కారు అంటే ఏమిటో చెప్పుకుందాం. జీ.టీ. అంటే మన తరానికి ఢిల్లీ నుంచి మద్రాసు పోయే జీ.టీ. ఎక్స్‌ప్రెస్సే. అది గ్రాండ్ ట్రంక్. ఇది గ్రాండ్ టూరింగ్. ఇటలీవాళ్లు గ్రాన్ టురిస్మో అన్నారు. ఇద్దరు మనుషులు, వాళ్ల సామాను, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి ఒక్క రోజులో, నడుము నొప్పి లేకుండా, వేగంగా చేరడానికి తయారైన బండి అన్నమాట. లోపల తోలు సీట్లు, కర్ర నగిషీ, చప్పుడు వినపడని అద్దాలు ఉంటాయి. బానెట్టు కింద మాత్రం పెద్ద ఇంజను ఉంటుంది. ఉదాహరణకు ఇంగ్లండులోని బెంట్లీ కంపెనీ 2003లో తెచ్చిన కాంటినెంటల్ జీ.టీ.ని చూడండి. 12 సిలిండర్లు, 6 లీటర్ల ఇంజను, గంటకు 300 కిలోమీటర్ల పైచిలుకు వేగం, సుమారు 2,400 కిలోల బరువు. అంటే రెండు అంబాసిడర్ల బరువు, పది అంబాసిడర్ల బలం.

విలాసమైన కారు మనవాళ్లకు కొత్త కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో ఆర్డరిచ్చిన పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారును హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. ఊరేగింపు కోసం సింహాసనంలాంటి సీటు పెట్టించిన కారు అది. అది బయటికి తీసింది తక్కువ, నిలబెట్టింది ఎక్కువ. అంత గొప్ప బండి అంత కొద్దిగా తిరిగితే దానికి ఏ చిక్కూ రాదు. బండి బరువు, బలం తెలిసేది దాన్ని ఉరికించి ఆపవలసి వచ్చినప్పుడే.

నాకీ విషయం మీద ధ్యాస ఎందుకు పడిందో చెబుతాను. నా కూతురి కొడుకు మద్రాసు దగ్గర కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో ఇంజనీరు. చదువుకునే రోజుల నుంచి వాడికి వేగం పిచ్చి. సెలవులకు వచ్చినప్పుడు బైకు తీశాడంటే మహదేవపూర్ రోడ్డు మీద వాడి చప్పుడు గారెపల్లి దాకా వినిపించేది. వాడు తిరిగి వచ్చేదాకా నా బిడ్డ గడప దగ్గరే కూర్చునేది. "బాపూ, నువ్వన్నా వాడికి జెప్పరాదే" అనేది. నేను చెప్పేవాణ్ణి. "నిదానమే ప్రధానం" అనేవాణ్ణి. వాడు తలూపేవాడు, మళ్లీ అట్లాగే పోయేవాడు. ఇరవై ఏళ్ల రక్తానికి సామెత చెబితే ఆగదని ఈ సభలో ఉన్న ప్రతి తాతకూ తెలుసు.

కిందటిసారి నేను మద్రాసు వెళ్లినప్పుడు వాడే నన్ను ఇరుంగాట్టుకోట్టైకి తీసుకుపోయాడు. బెంగుళూరు రోడ్డులో శ్రీపెరుంబుదూరు దగ్గర ఉంటుంది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువాళ్లు నడిపే రేసు ట్రాకు అక్కడుంది. ఆ క్లబ్బు 1953 నాటిది. వెనుకటి రోజుల్లో వీళ్లు షోలవరంలో, రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద పోటీలు పెట్టేవారు. తర్వాత సొంతంగా ఈ ట్రాకు వేసుకున్నారు. చుట్టు కొలత 3.7 కిలోమీటర్లు. మావాడు జీతంలోంచి దాచుకున్న డబ్బుతో అక్కడ డ్రైవింగు శిక్షణకు చేరాడు. "తాతా, ఈడ గ్యాసు తొక్కుడు నేర్పరు, బ్రేకు తొక్కుడు నేర్పుతరు" అన్నాడు. ఆ మాట నాకు వింతగా తోచింది. రోజంతా అక్కడే కూర్చుని చూశాను.

నాకు మొదట కనపడింది కార్లు కాదు, కాగితాలు. గేటు దగ్గరే ఒక ఫారం ఇచ్చారు. లైసెన్సు చూశారు, హెల్మెట్టు చూశారు. ఒక్కొక్క కారునూ పైకెత్తి చక్రాల నట్లు, బ్రేకు ప్యాడ్లు, టైర్లు పరీక్షించి చీటీ అంటించారు. చీటీ లేని కారును ట్రాకు మీదికి రానివ్వలేదు. తర్వాత అందరినీ గదిలో కూర్చోబెట్టి జెండాల పాఠం చెప్పారు. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదముంది, నెమ్మదించు, ముందు బండిని దాటకు. ఎర్ర జెండా అంటే పరుగు నిలిపివేశారు, అందరూ నిదానంగా వెనక్కి రావాలి. నీలం జెండా చూపితే వెనక వేగమైన బండి వస్తోంది, గమనించి దారినివ్వు. గళ్ల జెండా అంటే పని ముగిసింది. ట్రాకు పొడుగునా జెండాలు పట్టుకుని మార్షల్స్ అనే మనుషులు నిలబడి ఉన్నారు. అంబులెన్సు ఇంజను ఆన్ చేసి ఉంది. డాక్టరు ఉన్నాడు. మంటలార్పే వాహనం ఉంది. ఇన్ని అయితే తప్ప మొదటి కారు కదలలేదు. నాకు సంతోషమైంది. ఇది అచ్చంగా మన ఆఫీసు పద్ధతి. సరైన ఎన్‌క్లోజర్లు లేకుండా ఫైలు ముందుకు కదలకూడదు.

ఆనాడు శిక్షణ కార్లతోపాటు సొంత కార్లు తెచ్చుకున్న షావుకార్లకు కూడా సమయం ఇచ్చారు. అందులో రెండు టన్నుల పైచిలుకు బరువున్న విదేశీ జీ.టీ. కారొకటి ఉంది. దాని యజమానికి నేర్పడానికి వచ్చిన శిక్షకుడు, నా వయసు చూసి గౌరవంతో, "అయ్యా, సాయంత్రం రెండు చుట్లు కూర్చుంటారా?" అని అడిగాడు. యజమానీ సరేనన్నాడు. బీపీ మాత్ర వేసుకున్నానా లేదా అని మావాడు రెండుసార్లు అడిగాడు. ఫారం ఇచ్చారు. నాలుగు పేజీలూ చదివి సంతకం పెట్టాను. అక్కడి పిల్లలు నవ్వారు. ముప్పయ్యారేళ్లు చదవకుండా సంతకం పెట్టని చెయ్యి మరి.

ఇక ఆ రెండు చుట్ల సంగతి. మొదటి చుట్టు నెమ్మదిగానే తిప్పాడు. టైర్లు వేడెక్కితేగాని రోడ్డును పట్టుకోవట. చల్లటి టైరుతో ఎగబడితే మొదటి మలుపులోనే జారుతుందట. రెండో చుట్టులో తిన్నని దారిలో తొక్కాడు. నా వీపు సీటుకు అతుక్కుపోయింది. ముల్లు 170 దాటింది. అయినా గ్లాసులో నీళ్లు కదలనంత నిమ్మళంగా ఉంది లోపల. ఈ జీ.టీ. కార్లలో ఉన్న మాయ అదే, ప్రమాదమూ అదే. వేగం పోతున్నట్టు ఒంటికి తెలియదు. మన పాత ఆర్టీసీ బస్సు 70 దాటితే కిటికీలన్నీ గడగడమని అందరికీ చెప్పేవి. ఈ కారు 170 పోయినా చెప్పదు.

తర్వాత బ్రేకు వేశాడు. మిత్రులారా, ఆ క్షణం నేను మరువలేను. బెల్టు ఛాతీని బిగించింది. ఎవరో వెనక నుంచి రెండు చేతులతో తోసినట్టు తల ముందుకు వంగింది. కారు ముక్కు కిందికి దిగింది. బండి తిన్నగా ఉన్నంతసేపే గట్టిగా బ్రేకు వేశాడు. స్టీరింగు తిప్పడం మొదలుపెట్టగానే బ్రేకు మెల్లమెల్లగా వదిలాడు. మలుపు లోపలి అంచును తాకి, బయటికి వచ్చేటప్పుడు మళ్లీ కొద్దికొద్దిగా గ్యాసు ఇచ్చాడు. మలుపులోకి వెళ్లేటప్పుడు నిదానం, వచ్చేటప్పుడు వేగం. ఆయన చూపు మాత్రం బానెట్టు మీద లేదు. ఎప్పుడూ తరువాతి మలుపు మీదే ఉంది. "కన్ను ఎటు పోతే చెయ్యి అటు పోతుంది, చెయ్యి ఎటు పోతే బండి అటు పోతుంది. గోడను చూస్తే గోడకే పోతాం" అని చెప్పాడు.

దిగిన తర్వాత ఆయన్ని ఒక ప్రశ్న అడిగాను. బ్రేకు, స్టీరింగు రెండూ ఒక్కసారి ఎందుకు గట్టిగా వాడకూడదు? ఆయన జవాబును మన భాషలో చెబుతాను. రోడ్డును పట్టుకునేది నాలుగు టైర్లు మాత్రమే. ఒక్కొక్క టైరు రోడ్డును తాకే చోటు మన అరచెయ్యంత. ఆ నాలుగు అరచేతుల పట్టు మన నెల పింఛను లాంటిది. ఎంత ఉందో అంతే, పెరగదు. అంతా బ్రేకుకే ఖర్చు పెడితే మలుపు తిరగడానికి మిగలదు. అంతా మలుపుకే పెడితే ఆపడానికి మిగలదు. మందులకు, కిరాణాకు, మనవడి ఫీజుకు పింఛను పంచుకున్నట్టు పంచుకోవాలి. వాన పడితే ఆ పింఛనులో కోత పడినట్టే. టైరు అరిగితే ఇంకో కోత. ఎలక్ట్రానిక్ సాయాలు ఎన్ని ఉన్నా, అవి ఖర్చును సర్దుతాయేగాని కొత్త డబ్బు తేలేవు.

ఇంకొక లెక్క. వేగం రెట్టింపైతే బండిలో ఉండే ఊపు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. మంచి బ్రేకులు, పొడి రోడ్డు ఉంటే 50 వేగంలో బ్రేకు తొక్కిన తర్వాత పది పన్నెండు మీటర్లలో ఆగుతుంది. 100లో సుమారు 40 మీటర్లు కావాలి. 200లో 160 మీటర్లు కావాలి. ఇది కాలు బ్రేకు మీద పడిన తర్వాతి లెక్క. అడ్డం వచ్చిందని కంటికి తెలిసి కాలు కదలడానికి ఒక్క సెకను పట్టిందనుకుంటే, 100 వేగంలో ఆ సెకనులోనే బండి 28 మీటర్లు పోయి ఉంటుంది. బండి రెండు టన్నులదైతే ఆ ఊపంతా వేడిగా మారి బ్రేకు డిస్కుల్లోకి పోవాలి. కొన్ని చుట్లు గట్టిగా తిప్పితే డిస్కులు భగ్గున కాలుతాయి. బ్రేకు ఆయిల్ పాతదై నీటి చెమ్మ పీల్చుకుని ఉంటే మరుగుతుంది, పెడలు మెత్తబడి నేలకు దిగిపోతుంది. అందుకే చివరి చుట్టు బ్రేకు పెద్దగా వాడకుండా నెమ్మదిగా తిప్పి చల్లార్చాలి. ఆపిన తర్వాత వేడి తగ్గేదాకా హ్యాండ్ బ్రేకు కూడా లాగకూడదట. విలాసమైన బండి బరువుకు ట్రాకు మీద చెల్లించే సుంకం ఇదే.

రేసుల చరిత్ర తిరగేసినా ఇదే కనిపిస్తుంది. ఫ్రాన్సులో లె మాన్ అనే ఊళ్లో 1923 నుంచి 24 గంటల పోటీ జరుగుతోంది. ఆ మొదటి సంవత్సరం ఒక బెంట్లీ కారు వెళ్లింది. దానికి ముందు చక్రాలకు బ్రేకులే లేవు, వెనక మాత్రమే ఉండేవి. వేగం ఉన్నా గెలవలేదు. మరుసటి ఏడు, 1924లో, నాలుగు చక్రాలకూ బ్రేకులు పెట్టుకుని వచ్చి గెలిచింది. ఆ తర్వాత 1927 నుంచి 1930 దాకా వరుసగా నాలుగేళ్లు ఆ కంపెనీ కార్లే గెలిచాయి. అవి ఎంత బరువుగా ఉండేవంటే, ప్రపంచంలోకెల్లా వేగంగా పోయే లారీలని ఎట్టోరే బుగాటీ వెక్కిరించాడని చెప్పుకుంటారు. మన రోడ్డు సంగతి ఆయనకు తెలియదు కాబట్టి అన్నాడు. 1953లో అదే లె మాన్‌లో డిస్కు బ్రేకులు పెట్టుకొచ్చిన జాగ్వార్ గెలిచింది. ఇవాళ మీ మనవడి బైకు ముందు చక్రానికి మెరుస్తూ కనిపించే డిస్కు అప్పటికి పెద్ద వింత.

అదే ఊళ్లో 1955 జూన్ 11న ఘోరం జరిగింది. ముందు పోతున్న కారు ఆగడానికి గట్టిగా బ్రేకు వేసింది. దాని వెనక కారు తప్పించుకోబోయి పక్కకు తిరిగింది. ఆ వెనక మెర్సిడెస్ దాన్ని ఎక్కి గాలిలోకి లేచి జనం మీద పడింది. నడిపినవాడితో సహా ఎనభై మందికి పైగా చనిపోయారు. స్విట్జర్లాండు తన దేశంలో ఇటువంటి పోటీలనే నిషేధించింది. లె మాన్‌లో ఆ చోట స్టాండ్లను పడగొట్టి, దారి వెడల్పు చేసి కొత్తగా కట్టారు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, రేసు ట్రాకు పుట్టుకతో భద్రమైన చోటు కాదు. ఒక్కొక్క ప్రమాదాన్ని రాసి పెట్టుకుని, ఒక్కొక్క రూలు చేర్చుకుంటూ వచ్చారు. మనం ఆఫీసులో రూళ్ల పుస్తకాన్ని విసుక్కునేవాళ్లం. అక్కడ ప్రతి రూలు వెనుకా ఒక శవం ఉంది.

మనవాళ్ల సంగతికి వద్దాం. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు కార్ల ప్రపంచ పోటీ, ఫార్ములా ఈ, జరిగింది. మన దేశంలో అది మొదటిసారి. 2.8 కిలోమీటర్ల చుట్టు, 18 మలుపులు. ఫ్రాన్సుకు చెందిన జాఁ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ మరుసటి ఏడాది జరగవలసింది రద్దయింది. అప్పుడు టీవీలో చూసి, నడి రోడ్డు మీదనే రేసు పెడితే తప్పు కాలేదుగాని మా బైకులే తప్పా అని కుర్రవాళ్లు అడిగారు. జవాబు అందులోనే ఉంది. ఆ రోడ్డును ముందు రోడ్డు కాకుండా చేశారు. రెండు వైపులా కాంక్రీటు గోడలు, ఎత్తైన ఇనుప కంచెలు కట్టారు. ఒక్క బర్రె, ఒక్క ఆటో, ఒక్క మనిషి అడ్డం రాకుండా మూసేశారు. ఎదురు బండి అనేదే లేదు. ఆ తర్వాతే వేగం. ఆ కార్లలో ఇంకో విశేషముంది. బ్రేకు వేసినప్పుడల్లా కొంత శక్తి తిరిగి బ్యాటరీకి జమ అవుతుంది. బ్రేకు బాగా వేయడం తెలిసినవాడికే చివరి చుట్టుదాకా ఛార్జి మిగులుతుంది.

సికింద్రాబాదులో పుట్టి అరవ సినిమాల్లో పెద్ద హీరో అయిన అజిత్ కుమార్ మీకు తెలుసు. 1993లో ప్రేమ పుస్తకం అనే తెలుగు సినిమాలో వేసినతనే. యాభై ఏళ్లు దాటిన తర్వాత సొంత జట్టు పెట్టి 2025 జనవరిలో దుబాయిలో 24 గంటల పోటీకి వెళ్లాడు. పోర్షె 911ను రేసు కోసం మార్చిన కారు. పోటీకి ముందు సాధనలో కారు గోడకు కొట్టుకుని గిర్రున తిరిగింది. అతడు దిగి నడుచుకుంటూ వచ్చాడు. ఆ జట్టు తన తరగతిలో మూడో స్థానం తెచ్చుకుంది. కారు ఇనుప పంజరం, ఆరు వైపుల బిగించే బెల్టు, హెల్మెట్టు, మంటలకు అంటుకోని దుస్తులు, దెబ్బను మింగే గోడ, వీటన్నిటి వల్ల ఆయన నడిచి వచ్చాడు. హైదరాబాదు కుర్రవాడు అనిందిత్ రెడ్డి జాతీయ స్థాయి రేసుల్లో గెలిచాడు. వాళ్లు నేర్చుకున్నది ట్రాకుల మీద, శిక్షకుల ముందు.

అదే హైదరాబాదులో రోడ్డు మీది సంగతి చూడండి. 2011 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు మీద 1000 సీసీ బైకు పడిపోయి క్రికెటర్ అజారుద్దీన్ కుమారుడు, ఆయన బంధువుల అబ్బాయి పోయారు. 2017 మే నెలలో జూబ్లీహిల్స్‌లో కోట్ల ఖరీదు చేసే కారు తెల్లవారుజామున మెట్రో స్తంభానికి కొట్టుకుని ఇద్దరు యువకులు పోయారు. ఆ బండ్లకు బలం తక్కువ కాదు, బ్రేకులు తక్కువ కాదు, ఆ ఇళ్లలో డబ్బు తక్కువ కాదు. రోడ్డు మాత్రం ట్రాకు కాదు. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో పదింటికి ఏడు అతివేగం కింద రాశారు.

ఇప్పుడు మన కాటారం. మనం ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇది అడవి దారి. ఎదురుగా ఒక బస్సు వస్తే చెయ్యి ఊపి పలకరించుకునేవాళ్లం. ఇప్పుడిది జాతీయ రహదారి. పరకాల, భూపాలపల్లి మీదుగా వచ్చి, మన ఊరు దాటి, కాళేశ్వరం దగ్గర గోదావరి వంతెనెక్కి సిరొంచ పోతుంది. బొగ్గు లారీలు, ఇసుక లారీలు తిరుగుతాయి. 2025 మే నెలలో సరస్వతి పుష్కరాలప్పుడు ఎంత రద్దీ అయిందో చూశాం. పంట కాలంలో వడ్లు రోడ్డు మీదే ఎండుతాయి. రాత్రిపూట వెనక ఎర్ర బిళ్ల కూడా లేని ట్రాక్టరు ట్రాలీ నిలబడి ఉంటుంది. బండి దీపం దించి వేస్తే వెలుగు 40, 50 మీటర్లు. 100 వేగంలో ఆగడానికి, కాలు కదిలే సెకనుతో కలిపి, సుమారు 70 మీటర్లు కావాలని ఇందాక లెక్క కట్టాం. ఆ తేడా 20 మీటర్లు ఉందే, ఆ 20 మీటర్లలోనే మన పిల్లలు పోతున్నారు.

ఈ సభలో మన సభ్యుడొకాయన కూర్చుని ఉన్నారు. పేరు చెప్పను. రెండేళ్ల కింద ఆయన మనవడు రాత్రి ఇంటికి వస్తూ ఆగివున్న ట్రాలీని కొట్టుకుని పోయాడు. పందొమ్మిదేళ్లు. హెల్మెట్టు ఇంట్లో మేకుకు వేలాడుతోంది, ఇవాళ్టికీ అక్కడే ఉంది. నేను ఈ ప్రసంగం చేస్తున్నానని తెలిసి ఆయనే నిన్న మా ఇంటికి వచ్చారు. "మా వాని ముచ్చట చెప్పు. నేను నిలబడి చెప్పలేను, నువ్వు చెప్పు. వినేటోళ్లల్ల ఒక్క పోరడు ఆగినా చాలు" అన్నారు. ఆయన మాట నేను చెప్పాను. ముందు వరుసల్లో కూర్చున్న పిల్లలు విన్నారనే అనుకుంటాను.

మరి వేగం వద్దని అంటున్నానా? లేదు. పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్లు తాగడం మేలని మనవాళ్లు అన్నారు. కాని పిల్లలకు పాల మీద ఆశ ఉంటుంది, అది వయసు ధర్మం. తిడితే చాటుగా పోతారు. మావాడిలో మార్పు తెచ్చింది నా సామెతలు కావు, ట్రాకే. శిక్షణ అయిన తర్వాత వాడు ఇంటికి వచ్చినప్పుడు వాడి వెనక బైకెక్కి నేను మంథని పోయివచ్చాను. ముందు లారీకి దూరం వదిలి నడిపాడు. మలుపుకు ముందే నెమ్మదించాడు. వడ్ల కుప్ప దగ్గర బాగా తగ్గించాడు. ఎందుకురా అంటే, "తాతా, ట్రాకు మీద మలుపు అవతల ఏమున్నదో జెండా పట్టుకున్నోడు చెప్తడు. ఈడ చెప్పేటోడు ఎవ్వడు లేడు. మనమే చూసుకోవాలె" అన్నాడు. ట్రాకు మీద గట్టిగా నడిపినవాడికి బండి ఎంత దూరంలో ఆగుతుందో ఒంటితో తెలుస్తుంది. తెలిసినవాడికి భయం ఉంటుంది. తెలియనివాడికే ధైర్యం ఎక్కువ.

అందరి పిల్లలూ మద్రాసు పోలేరు. ఖర్చుతో కూడిన పని అది. అయినా ఇంటి దగ్గర చేయదగినవి ఉన్నాయి. మన గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము మీద మనవలకు కన్ను ఉండడం సహజం. బండి కొనిస్తే మంచిదే. లైసెన్సు వచ్చిన తర్వాత కొనివ్వండి. మొదటి బిల్లు హెల్మెట్టుది కావాలి, రెండో బిల్లు బండిది. ఏబీఎస్ బ్రేకు ఉన్న బండి చూడండి. జనం లేని మైదానంలో, పగటిపూట, పెద్దవాడొకరు నిలబడి, 40 వేగంలో తిన్నగా పోతూ గట్టిగా బ్రేకు వేయడం నేర్పండి. ఎక్కడ ఆగాడో రాయి పెట్టి చూపించండి. తర్వాత 60లో చేయించి ఇంకో రాయి పెట్టించండి. ఆ రెండు రాళ్ల మధ్య దూరం మనం చెప్పే వంద సామెతల కన్నా బాగా చెబుతుంది.

చట్టం కూడా తెలుసుకోవాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరుకు బండి ఇచ్చి ప్రమాదమైతే తల్లిదండ్రులకు, లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా పడవచ్చు. బండి తాత పేరు మీద ఉంటే తాతకే. అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం పెట్టడం కూడా నేరమే. దెబ్బ తగిలినవాణ్ణి ఆసుపత్రికి చేర్చిన మనిషిని పోలీసులు వేధించకూడదని కూడా అదే చట్టంలో ఉంది. కాబట్టి భయపడి పక్కనుంచి పోవద్దు, 108కి ఫోను చేసి ఆగండి.

చివరగా, ఈ సభ ముందు మూడు ప్రతిపాదనలు ఉంచుతున్నాను. ఒకటి, ఊరి మలుపుల దగ్గర, బడి ముందర హెచ్చరిక బోర్డులు, వీధి దీపాలు కావాలని మన సంఘం తరఫున జిల్లా అధికారులకు వినతిపత్రం ఇవ్వాలి. దరఖాస్తు రాయడంలో మనల్ని మించినవాళ్లెవరున్నారు? రెండు, మనం తలా కొంత వేసుకుని ట్రాక్టరు ట్రాలీలకు అంటించే ఎర్ర మెరుపు స్టిక్కర్లు కొని, వచ్చే కోతల లోపల మన మండలంలోని ట్రాలీలకు అంటిద్దాం. అది పెద్ద ఖర్చు కాదు, ఒక పూట పని. మూడు, ఇంట్లో బండి ఎక్కే ప్రతి మనవడికీ, మనవరాలికీ బ్రేకు పాఠం ఈ సంక్రాంతి సెలవుల్లో పెట్టాలి. మొదటి పాఠానికి మైదానంలో రాళ్లు పట్టుకుని నేను నిలబడతాను. మావాడు సెలవు పెట్టి వస్తానన్నాడు.

నిన్న మా ఇంటికి వచ్చిన ఆ మిత్రుడు స్టిక్కర్లకు తన వంతుగా ఒక నెల పింఛను ఇస్తానన్నారు. అంత వద్దన్నాను, వినలేదు. మిగతా లెక్క మన కోశాధికారిగారి దగ్గర ఇవాళే మొదలవుతుంది, రసీదు ఇస్తారు.  ఇంటికి వెళ్లేటప్పుడు బండ్లు నెమ్మదిగా తీయండి.